ఇంటి కంప్యూటర్‌లో బోయింక్ పెట్టుకుంటానన్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "మీరు నడిపే బోయింక్ మా కంప్యూటర్‌లో కూడా పెట్టుకోవచ్చా పెదనాన్నా" అని. నిక్షేపంగా పెట్టుకో. బోయింక్ అంటే మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని సైన్సు ప్రాజెక్టుల లెక్కలకి ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో చెప్తే సగం గుర్తుండదని కాగితం మీద పెడుతున్నాను.

నేను మొదలుపెట్టింది సెటీ ఎట్ హోమ్ అనే, గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికే ప్రాజెక్టుతో. అది 1999 మేలో వచ్చింది. అరెసిబో రేడియో టెలిస్కోప్ పట్టిన సంకేతాలను బర్కిలీ యూనివర్సిటీ వాళ్ళు చిన్న చిన్న ముక్కలు చేసి, అడిగినవాళ్ళందరి కంప్యూటర్లకూ పంపేవారు. ముక్క దాదాపు 350 కేబీ, డయలప్‌లో కూడా దిగేది. మా పాత పెంటియం కంప్యూటర్ ఒక్కో ముక్కకి రెండేసి రోజులు తీసుకునేది. 2020 మార్చి 31న వాళ్ళు కొత్త పని పంపడం ఆపేశారు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. అప్పటినుంచి ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌కి చేస్తున్నాను. నువ్వూ దానితోనే మొదలుపెట్టు. అంతరిక్షంలో బరువైన వస్తువుల కదలిక వల్ల పుట్టే గురుత్వ తరంగాల కోసం, గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే పల్సార్ నక్షత్రాల కోసం వెతికే ప్రాజెక్టు అది. నిజామాబాద్ దాటి వెళ్తే మహారాష్ట్రలో వచ్చే హింగోలి జిల్లాలో ఈ తరంగాలను పట్టే లైగో ఇండియా కేంద్రం కడుతున్నారు. అమెరికాలో ఉన్న అలాంటి లైగో యంత్రాల డేటాని కూడా ఈ ప్రాజెక్టు మన ఇళ్ళకి పంపుతుంది.

2010లో ఈ ప్రాజెక్టుకి తొలిసారి ఒక కొత్త పల్సార్ దొరికింది. సెకనుకి దాదాపు 41 సార్లు గిర్రున తిరిగే నక్షత్రం. అది బయటపడింది అమెరికాలో అయోవా రాష్ట్రం ఏమ్స్ ఊళ్ళో ఒక భార్యాభర్తల కంప్యూటర్లోనూ, జర్మనీ మైన్జ్‌లో ఇంకొకాయన కంప్యూటర్లోనూ. రెండు ఎందుకంటే, ఒకే ముక్కని ఇద్దరికి పంపి, ఇద్దరి జవాబూ కలిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. ఈ సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. నువ్వు తీసుకున్న పని ఆలస్యం చేస్తే, ఎక్కడో ఒకాయన ఎప్పుడో పూర్తిచేసి పంపిన ఫలితం నీ కోసం ఆగిపోయి ఉంటుంది.

నేను ఆ తప్పు చేశాను. సెట్టింగుల్లో ఎన్ని రోజుల పని ముందుగా తెచ్చి పెట్టుకోవాలో అడుగుతుంది. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని పది రోజులు పెట్టాను. 2015లో గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళి, బంధువులు వదలక మూడు వారాలు ఉండిపోయాం. కంప్యూటర్ ఆపేసి ఉంది. తిరిగొచ్చి చూస్తే పనులన్నీ గడువు దాటిపోయాయి. వాటన్నింటినీ మళ్ళీ వేరేవాళ్ళకి పంపాల్సి వచ్చింది. అందుకని నువ్వు అరరోజు పని చాలని పెట్టు. ఊరెళ్ళే ముందు రోజే ‘నో న్యూ టాస్క్స్’ నొక్కి, చేతిలో ఉన్నవి పూర్తిచేసి పంపాకే బయల్దేరు.

ఇక కరెంటు. బిల్లు కట్టేది మీ నాన్న కాబట్టి ముందు నాన్నకి చెప్పు. ఎంత కాలుతుందో నన్ను అడగొద్దు, నువ్వే కొలువు. మీ మీటర్ మీద ఎర్ర లైటు మెరుస్తుంటుంది చూశావా, దాని పక్కనే ఒక అంకె ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని ఉంది. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఒక ఆదివారం పొద్దున ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, ఒక్క కంప్యూటర్ ఉంచి, వాచీ పట్టుకుని మీటర్ ముందు నిలబడ్డాను. బోయింక్ ఆపి ఉన్నప్పుడు పది నిమిషాల్లో 27 సార్లు మెరిసింది. నడుస్తున్నప్పుడు 59 సార్లు. తేడా 32, అంటే పది నిమిషాలకి యూనిట్‌లో నూరోవంతు, గంటకి 60 వాట్ల బల్బు వెలిగించినట్టు. ఎలాగూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ అయితే ఖర్చు అంతే. రాత్రంతా దీనికోసమే ఆన్‌లో ఉంచితే మాత్రం 110 వాట్లూ దీని ఖాతాలోకే వస్తాయి. పది గంటలకి ఒక యూనిట్ పైన, నెలకి 33. స్లాబ్ మారితే బిల్లు ఇంకా పెరుగుతుంది. అందుకే మొదటి ఆరు నెలలు, నువ్వు చదువుకునేటప్పుడు వెనకాల నడవనివ్వు, చాలు.

ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలను కోర్లు అంటారు, బోయింక్ సెట్టింగుల్లో వాటిలో సగమే ఇవ్వు. పక్కనే సీపీయూ టైమ్ శాతం అని ఇంకోటి ఉంటుంది, దాన్ని నూరులోనే ఉంచు. అది తగ్గిస్తే ఆగుతూ నడుస్తూ ఉంటుంది, ఫ్యాన్ కూడా అలాగే గోల చేస్తుంది. వేడి తగ్గాలంటే కోర్లు తగ్గించడమే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట అసలు వద్దు. నెలకోసారి కేబినెట్ తెరిచి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీసెయ్. తీసేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో.

ఇన్వర్టర్ విషయంలో జాగ్రత్త. ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోగానే బోయింక్ దానంతటదే ఆగుతుంది. మీది డెస్క్‌టాప్, ఇన్వర్టర్ మీదకి వచ్చిందని దానికి తెలియదు. మా ఇంట్లో ఒక మే నెల రాత్రి అలాగే నడిచి నడిచి బ్యాటరీ అయిపోయింది. తెల్లవారుజామున నానమ్మ ఫ్యాన్ ఆగి, చెమటతో లేచి కూర్చుంది. ఆ విసనకర్ర చప్పుడు నేను మర్చిపోలేదు. కరెంటు పోగానే బోయింక్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ‘స్నూజ్’ పెట్టు. చేసిన పని పోతుందని టెన్షన్ పడకు, మధ్యమధ్యలో సేవ్ చేసుకుంటూనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ బర్కిలీ వాళ్ళ సొంత సైట్ నుంచే దించుకో. కాలేజీ ల్యాబ్‌లో మాత్రం రాతపూర్వకంగా అనుమతి లేకుండా పెట్టకు, ఎవరు ప్రోత్సహించినా సరే. చేసిన పనికి ఇచ్చే క్రెడిట్ల (పాయింట్ల) పట్టికలో పైకి వెళ్ళాలని కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనమని నాన్నని అడగకు.

ముందు మీ మీటర్ లెక్క తీసి నాకు రాయి. ఆగినప్పుడు ఎన్ని, నడిచినప్పుడు ఎన్ని, రెండూ కావాలి. అది చూశాక ఇంకో కోర్ ఇవ్వొచ్చో లేదో చెప్తాను.

మీ పెదనాన్న