పాపకు కిడ్స్ క్లబ్, అత్తగారికి సముద్రం

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. వేసవి సెలవుల్లో సింగపూర్ నుంచి క్రూయిజ్‌కు వెళ్లాలనుకుంటున్నాం. మా పాపకు ఐదేళ్లు, తెలుగు తప్ప మరో భాష రాదు. ఓడలో పిల్లలను చూసుకునే కిడ్స్ క్లబ్‌లో వదిలితే ఉంటుందా? ఎలాగూ మా అత్తగారు వస్తున్నారు కాబట్టి ఆమె దగ్గరే ఉంచితే సరిపోతుందా? గదులు ఇంకా బుక్ చేయలేదు.

జవాబు:

ఉంటుంది తల్లీ. నిశ్చింతగా వదలండి. మొదటి ప్రశ్నకు నా జవాబు ఇంతే. నేను ఇది రాయడానికి కూర్చున్నది మాత్రం మీ రెండో ప్రశ్న చదివాక.

మాది నల్లగొండ. దేవరకొండ వైపు ఒక తండాలో చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేశాను. మా అబ్బాయికి సింగపూర్‌లో ఉద్యోగం. కిందటి వేసవిలో నన్ను, మా ఆయనను, మిర్యాలగూడలో ఉండే మా అమ్మాయి కుటుంబాన్ని పిలిపించుకుని, మెరీనా బే నుంచి బయలుదేరే పెద్ద ఓడ ఎక్కించాడు. మా మనవరాలికి అప్పుడు మీ పాప వయసే. ఎల్‌కేజీలో ఇంగ్లీషు రైమ్స్ గడగడా అప్పజెప్పేది కానీ, మంచినీళ్లు కావాలని ఇంగ్లీషులో అడగడం రాదు. వేలకు వేలు ఫీజు కట్టించుకునే మన బళ్లు పిల్లలకు పాట నేర్పుతాయి, మాట నేర్పవు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

భాష గురించి మీకు భయం అక్కరలేదు. మా సెంటర్‌కు వచ్చే పిల్లల ఇళ్లలో లంబాడీ మాట్లాడతారు. మూడేళ్ల పిల్ల తల్లిని వదిలి వచ్చి నా ముందు నిలబడితే నా మాట దానికి తెలియదు, దాని మాట మొదట్లో నాకూ తెలియదు. అయినా బంతి దొర్లిస్తే పట్టుకునేది. పక్క పిల్ల పళ్లెం చాపితే తానూ చాపేది. జూన్‌లో గుమ్మం పట్టుకుని ఏడ్చిన పిల్లలే దసరా నాటికి తెలుగులో పోట్లాడుకునేవాళ్లు. పిల్లలకు పిల్లలు కావాలి. భాష ఆ తర్వాత దానంతట అదే వస్తుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి, ఎవరు కాదన్నా ఒప్పుకోను.

అయితే మూడు అవసరాలు మాత్రం పిల్ల నోటితో చెప్పగలగాలి: దాహం, మరుగుదొడ్డి, అమ్మ కావాలి అన్నది. ఎందుకో చెబుతాను.

ఓడలో క్లబ్ తలుపు దగ్గర ఒక బల్ల ఉంటుంది. అక్కడ ఫారం నింపాలి. పిల్ల పేరు, వయసు, గది నంబరు, ఏ తిండి పడదు, ఎవరెవరు వచ్చి తీసుకెళ్లవచ్చు, అన్నీ రాయాలి. మా అమ్మాయి తన పేరు రాసి, ఆ కింద నా పేరు రాయబోయింది. నేను ఆపి ముందు అల్లుడిగారి పేరు, ఆయన ఫోను నంబరు రాయించాను. తండ్రి ఉండగా అమ్మమ్మ పేరు రెండోది ఎందుకవుతుంది? పాప చేతికి ఒక పట్టీ కట్టారు. ఏదైనా ప్రమాదం వస్తే ఆ పిల్లను ఓడలో ఏ చోటికి చేర్చాలో ఆ పట్టీ మీద గుర్తు ఉంటుంది. చేతులు కడిగించి లోపలికి తీసుకెళ్లారు.

పాప ఏడ్చింది. ఏడవదా మరి? తలుపుకు అద్దం ఉంది. మా అమ్మాయి ఆ అద్దంలోంచి తొంగి చూస్తూ నిలబడింది. పాప ఏడుపు ఆపడం, తలుపు వైపు చూడటం, తల్లి కనిపించగానే మళ్లీ అందుకోవడం. సెంటర్‌లో ప్రతి జూన్‌లోనూ కిటికీ దగ్గర నిలబడే తల్లులకు చెప్పిన మాటే దానికీ చెప్పాను. నువ్వు కనిపించినంతసేపూ అది ఏడుస్తుంది, పద, అని చెయ్యి పట్టుకుని పై డెక్ మీదికి తీసుకెళ్లాను. టీ తాగుతూ కూర్చున్నాం. మా ఇద్దరికీ పక్కపక్కన అలా ఊరికే కూర్చునే తీరిక దాని పెళ్లయ్యాక దొరకలేదు.

కాసేపటికి మా అల్లుడు ఫోను చూసుకుంటూ పరుగున వచ్చారు. క్లబ్ నుంచి సందేశం, వెంటనే రమ్మని. వెళ్లేసరికి పాప తడిసిన గౌనుతో ఒక మూల నిలబడి ఉంది. దాన్ని చూసుకుంటున్న అమ్మాయి చొక్కా మీద పేరు, పేరు కింద ఫిలిప్పీన్స్ అని రాసి ఉన్న బిళ్ల ఉంది. ఆ అమ్మాయి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. జరిగింది మా అల్లుడికి ఇంగ్లీషులో చెబుతూ, చేత్తో చేసి చూపించింది.

మన బళ్లలో ఒంటికి వెళ్లాలంటే పిల్లలు చిటికెన వేలు చూపిస్తారు. నేను నా చేతులతో వందల మందికి నేర్పాను. మా మనవరాలు అదే చేసింది, లేచి నిలబడి చిటికెన వేలు చూపించింది. బయటి దేశాల్లో చిటికెన వేలికి చిటికెన వేలు మెలివేస్తే ఒట్టు పెట్టుకున్నట్టు, స్నేహం కలిపినట్టు. ఆ అమ్మాయి పిల్ల తనతో స్నేహం కలుపుతోందని సంతోషపడి తన వేలు మెలివేసింది. పాప వేలు లాక్కుని మళ్లీ చూపించింది. ఆమె మళ్లీ మెలివేసింది. ఇదేదో ఆట అనుకుని చుట్టూ ఉన్న పిల్లలు కూడా వచ్చి వేళ్లు చాపారు. అంతమంది వేళ్లు పట్టుకుంటూ ఉంటే పాప ఎంతసేపని ఓర్చుకుంటుంది?

పిల్లల బట్టలు మార్చడం, మరుగుదొడ్డిలో శుభ్రం చేయడం అక్కడి సిబ్బంది చేయరు. అది తల్లిదండ్రుల పని. ఆ నియమం మంచిదే, పరాయి చేతుల విషయంలో అంత కట్టుదిట్టంగా ఉండాలి. మా అల్లుడు పాపను గదికి తీసుకెళ్లి స్నానం చేయించారు. నేను అక్కడే ఆగాను. నాకు ఇంగ్లీషు రాదు. ఆ అమ్మాయికి నా చిటికెన వేలు చూపించి, తర్వాత మరుగుదొడ్డి తలుపు చూపించాను. రెండుసార్లు చూపించాక ఆమెకు అర్థమై నోటి మీద చెయ్యి వేసుకుంది. లోపల ఉన్న తక్కిన సిబ్బందిని పిలిచి ఒక్కొక్కరికీ వేలు చూపించి, తలుపు చూపించి చెప్పింది. పాప ఫారం మీద కూడా రాసుకుంది. పని మీద శ్రద్ధ ఉన్న మనిషిని నేను ఇట్టే గుర్తుపడతాను. ఆ పిల్ల మా సెంటర్‌లో ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

పాపకు టాయిలెట్ అన్న మాట గదిలో అందరం కలిసి నేర్పాం. సాయంత్రం మళ్లీ వెళ్లింది, ఏడవలేదు. కాబట్టి మీరు బయలుదేరే ముందే టాయిలెట్, వాటర్, మమ్మీ అన్న మాటలు పాపకు అలవాటు చేయండి. చిటికెన వేలు సంగతి ఫారంలో రాయించండి. మన పిల్లలకు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే, ట్రావెల్ ఏజెంటు ఎవరూ ఇది చెప్పరు.

ఇక మీ అత్తగారి సంగతి.

ఓడెక్కే ముందే నేను మా అబ్బాయితో అన్నాను: పిల్లను చూసుకోవడానికే అయితే నల్లగొండలోనే చూసుకుంటాను, నా టికెట్టు డబ్బు దండగ చేయకు అని. కఠినంగా అనిపించవచ్చు. కానీ మా కాలనీలో అమెరికా వెళ్లివచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామంది ఉన్నారు. అక్కడ ఏం చూశారని అడిగితే వంటగది, పిల్లల గది, కిటికీలోంచి మంచు, అంతే చెబుతారు. కూతురి మీద ప్రేమతో, కొడుకు మీద ప్రేమతో ఒక్క మాట అనరు. అనరు కాబట్టే అది అలాగే సాగుతోంది.

మా ఓడలో కూడా ఒకావిడ కనిపించారు, ఖమ్మం వైపు వారు. పిల్లలు తడిసే నీళ్ల ఆటల దగ్గర భుజాన తువ్వాలు వేసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, పొద్దున కనిపించిన చోటే సాయంత్రమూ నిలబడి ఉన్నారు. రాత్రి థియేటర్‌లో ఆట చూడటానికి రారా అని అడిగాను. మనవడు నిద్రపోతాడు కదమ్మా, నేను గదిలోనే ఉంటాను, వాళ్లు వెళ్తారు, అన్నారు. ఆ మనవడికి నాలుగేళ్లు. అదే ఓడలో రెండు అంతస్తుల కింద క్లబ్ తెరిచే ఉంది. టికెట్టు డబ్బులోనే దానికీ కట్టేశారు. ఆమె కొడుకు, కోడలు చెడ్డవాళ్లు కారు, ఆమెను గౌరవంగానే చూస్తున్నారు. పరాయివాళ్ల దగ్గర బిడ్డను వదలడం పాపమని, పెద్దామె దగ్గర వదలడం సహజమని వాళ్ల నమ్మకం, అంతే.

పిల్లలను చూసుకోవడం పని, తల్లీ. నేను జీవితమంతా చేసిన పని. కష్టమైన పని. 1975లో అక్టోబరు 2న ఈ దేశంలో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు ఆ సంగతి ప్రభుత్వమే ఒప్పుకుంది. నాట్ల కాలంలో తల్లి పొలంలో ఉంటే చంటిబిడ్డ చెట్టుకు కట్టిన ఉయ్యాలలో ఉండేది, నాలుగేళ్ల అక్క కాపలా. అక్క బడికి రావాలన్నా, తల్లి కూలికి వెళ్లాలన్నా ఒక టీచరు, ఒక ఆయా, ఒక గది, ఒక పూట అన్నం, ఒక గుడ్డు కావాలి. పల్లెలో పేదవాళ్లకు మేము చేసిందీ, ఓడలో డబ్బున్నవాళ్లకు ఆ అమ్మాయి చేస్తున్నదీ ఒకే పని. మాకు జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు, అది పెంచమని 2023లో తెలంగాణ అంతటా మా వాళ్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఓడలో క్లబ్‌ను మెచ్చుకుంటూ ఫొటోలు పెట్టేవాళ్లు, తమ వీధిలోని అంగన్‌వాడీ లోపల ఎలా ఉంటుందో ఒక్కసారైనా తొంగి చూడాలని నా కోరిక.

అంగన్‌వాడీలో ఉన్నప్పుడు నేను మధ్యాహ్నం దాటాక తాళం వేసి ఇంటికి వెళ్లేదాన్ని. ఓడలో నాయనమ్మకు తాళం వేసే వేళ ఉండదు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉంటే ఐదేళ్ల పిల్ల వెంట ఆ పొడవాటి వరండాల్లో పరుగెత్తలేరు కూడా. మా నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన నా వయసు ఆడవాళ్లలో ఎముకల నొప్పి లేనివాళ్లు ఎంతమంది? ఆమె మనవరాలితో ఆడుకోవాలి, కథలు చెప్పాలి, పక్కన కూర్చోబెట్టుకుని తినిపించాలి. అది ఆమె ఇష్టం. కాపలా మాత్రం వద్దు.

పాప క్లబ్‌లో ఉన్నంతసేపు నేనూ మా ఆయనా డెక్ మీద నడిచాం. మా ఊరివాళ్లకు పడవ అంటే సాగర్ లాంచీ. నాగార్జునకొండకు వెళ్తుంటే కొండలు చుట్టూ కనిపిస్తూనే ఉంటాయి. మలక్కా జలసంధిలో చాలాసేపు ఏ ఒడ్డూ కనిపించలేదు, వరుసగా సరుకు ఓడలే. మా ఆయన రైల్వేలో చేశారు. ఏ ఓడ ఎటు పోతోందో, ఏం మోస్తోందో నాకు చెబుతూ నడిచారు. ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేను చూసి ఎన్నో ఏళ్లయింది. మీ అత్తగారికీ అలాంటి పూట ఒకటి రావాలి.

మీరు ఏ ఓడో రాయలేదు కాబట్టి అన్నిటికీ పనికొచ్చేవి కొన్ని చెబుతాను. చాలా ఓడల్లో మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే తీసుకుంటారు. మీ పాపకు ఆ ఇబ్బంది లేదు. రాయల్ కరీబియన్ వంటి పెద్ద కంపెనీల్లో రాత్రి పది వరకు ఉచితం, ఆ తర్వాత గంటకు ఇంతని తీసుకుంటారు. భోజన వేళల్లో మూసే క్లబ్‌లూ ఉన్నాయి, ఎక్కగానే వేళలు అడిగి రాసుకోండి. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉంటే పిల్లను రానివ్వరు, మందులు వాళ్లు వేయరు. శాకాహారులైతే ఫారంలో రాయండి. ఓడ కదలక ముందే క్లబ్ చూడటానికి అందరినీ రానిస్తారు, ఆ పూటే పాపను వెంట తీసుకెళ్లి చూపించండి.

ఎక్కగానే భద్రతా కసరత్తు ఉంటుంది, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, ఏం చేయాలో చూపిస్తారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ రాళ్లకు తగిలి 32 మంది చనిపోయారు. అప్పటికి ఆ రోజు ఎక్కినవాళ్లకు ఇంకా కసరత్తే జరగలేదు. ఆ తర్వాత నియమం మార్చి, ఓడ కదలక ముందే గానీ, కదిలిన వెంటనే గానీ జరిపి తీరాలన్నారు. ఫొటోలు దిగుతూ దాన్ని ఎగ్గొట్టకండి. పాప క్లబ్‌లో ఉన్నప్పుడు అలారం మోగితే మీరు క్లబ్‌కు పరుగెత్తాలా, వాళ్లే తీసుకొస్తారా అన్నది అక్కడి సిబ్బందిని అడిగి, మీరూ మీ వారూ అత్తగారూ ముగ్గురూ ఒకే మాట గుర్తుపెట్టుకోండి.

గదులు ఇంకా బుక్ చేయలేదన్నారు, అది మంచిదైంది. పెద్దవాళ్లను కిటికీ లేని లోపలి గదిలో పెట్టి, పిల్లను వాళ్ల దగ్గర పడుకోబెట్టడం మనవాళ్ల అలవాటు. మీరు అలా చేయకండి. డబ్బు సరిపోకపోతే మీరిద్దరూ పాపతో లోపలి గది తీసుకోండి, అత్తగారికి బాల్కనీ గది తీసుకోండి. క్లబ్ ఫారంలో మీ వారి పేరు మొదట రాయండి. పాప మంచం మీ గదిలోనే వేయించుకోండి.