విటమిన్ పొడి మా మామయ్య కిడ్నీల మీదికి తెచ్చింది

"మా నాన్నగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, కిడ్నీలు దెబ్బతింటే పెరుగుతుంది) 1.8 ఉంది, నీరసంగా ఉంటున్నారని షాపులో మల్టీవిటమిన్ తెచ్చాం, వెయ్యొచ్చా" అని ఒకరు అడిగారు. కిడ్నీ డాక్టరుకు చూపించకుండా ఒక్కటి కూడా వెయ్యకండి. "విటమినేగా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అని ఎవరన్నా వినకండి. ఎ, డి అలా పోవు, ఒంట్లో నిలవుండిపోతాయి.

మా అత్తయ్యా మామయ్యా చెన్నైలో, అయనావరంలో ఉంటారు. మోకాళ్ల నొప్పులని మామయ్య ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే డి విటమిన్ తక్కువని తేలింది. 60,000 యూనిట్ల పొడి, వారానికొకటి చొప్పున 8 వారాలు రాశారు. చీటీలో సరిగ్గానే ఉంది. మందుల షాపు కుర్రాడు మాత్రం కవరు మీద పెన్నుతో 1-0-0 అని గీసిచ్చాడు. అంటే రోజూ పొద్దున ఒకటి. మా అత్తయ్యకు కవరు మీద ఏం రాసుంటే అదే వేదం. గోరువెచ్చని పాలలో ఆ పొడి కలిపి, గ్లాసు అడుగున మిగిలింది కూడా కాసిని నీళ్లు పోసి తిప్పి తాగించేవారు. అయిపోతే ఖాళీ ప్యాకెట్ చూపించి మళ్లీ తెచ్చుకునేవారు. షాపులో చీటీ అడిగిన పాపాన పోలేదు. పైగా రాత్రికి క్యాల్షియం మాత్ర, అందులోనూ డి3, అంటే మళ్లీ డి విటమినే!

కొన్ని నెలలకు మనిషి డీలా పడిపోయారు. అన్నం సయించదు, వాంతులు, మలబద్ధకం, ఒకటే దాహం. ఎండలకని ఒకరు, గ్యాసని ఇంకొకరు. మాట తడబడి మగతగా పడుకుంటుంటే హాస్పిటల్లో చేర్చాం. అంతకుముందు 1.1 ఉన్న క్రియాటినిన్ 3.2 అయింది. క్యాల్షియం 14. అది 10.5 దాటకూడదు.

నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, తమిళాయన. నెల్లూరు, తిరుపతి పేషెంట్లతో మాట్లాడి మాట్లాడి తెలుగు బాగానే వచ్చేసింది. "ఇంట్లో ఉండే మందులన్నీ తెండమ్మా, చూర్ణాలు కూడా" అన్నారు. మా ఆయన డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించారు. డాక్టరు బీపీ మాత్రలు పక్కకు నెట్టి, మూల చించిన ప్యాకెట్ ఒకటి తీసి, కవరు తిప్పి చూశారు. "రోజూనా?" అన్నారు. "అవును బాబూ, ఒక్క పూట కూడా మానలేదు" అన్నారు అత్తయ్య, ఎంతో ధీమాగా. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

డి మితిమీరితే పేగులు క్యాల్షియాన్ని విపరీతంగా పీల్చుకుంటాయి, ఎముకల్లోది కూడా రక్తంలోకి దిగుతుంది. దాంతో మూత్రం ఎక్కువగా పోయి ఒళ్లు ఎండిపోతుంది, కిడ్నీకి రక్తం తగ్గుతుంది. సెలైన్లు, స్టెరాయిడ్లు ఇచ్చి గట్టెక్కించారు. కొవ్వులో నిలవున్న డి కరగడానికి మాత్రం నెలలు పట్టింది. క్రియాటినిన్ 1.5 దగ్గర ఆగిపోయింది, ఇక దిగలేదు.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల మీద నాకు చెడ్డ కోపం. డి తక్కువని రిపోర్టు చేతిలో పెడతారు, ఎంత వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే దిక్కుండదు. మామయ్య తెచ్చుకున్న ప్యాకెట్ల మీద అంతా ఇంగ్లీషే. అత్తయ్యకు తెలుగూ తమిళమూ చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆ ప్యాకెట్ ముందువైపే "వారానికి ఒకటి" అని ప్రాంతీయ భాషల్లో పెద్దక్షరాలతో అచ్చు వేయాలి. చీటీ లేకుండా అమ్మిన షాపు మూయించాలి. ఇందులో నేను తగ్గేది లేదు.

విటమిన్లే విషమని నేననను. డి విటమిన్‌ను ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేది కిడ్నీలే. అందుకే అవి బాగా దెబ్బతిన్నవాళ్లలో కొందరికి డాక్టర్లే క్యాల్సిట్రయాల్ (అలా మార్చిన రూపంలోని డి విటమినే) రాస్తారు, అదీ మైక్రోగ్రాములో పావు వంతు లాంటి మోతాదులో. డయాలసిస్‌లో బి, సి కొట్టుకుపోతాయి కనుక వాటినీ లెక్కగా ఇస్తారు. ఎ మాత్రం కిడ్నీ జబ్బున్నవాళ్లలో పేరుకుపోతుంది. షాపుల్లో దొరికే మల్టీవిటమిన్లలో చాలావాటిలో అది ఉంటుంది. కరోనా రోజుల్లో అలవాటైన 500 మిల్లీగ్రాముల సి మాత్రను పుల్లగా ఉందని రోజుకు మూడు నాలుగు చప్పరించేవాళ్లున్నారు. అది ఆక్సలేట్ అనే లవణంగా మారి కిడ్నీల్లో రాళ్లు కట్టే ప్రమాదముంది.

నాన్నగారి నీరసానికి రక్తహీనత కారణం కావచ్చు, కిడ్నీ జబ్బులో అది మామూలే. హిమోగ్లోబిన్, క్యాల్షియం చూపించండి. ఆ మల్టీవిటమిన్ స్ట్రిప్పును, ఇంట్లో ఉన్న మిగతా మందుల్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.