సీరీస్ చూడని పిల్లలకు ‘హీరోస్ రైజింగ్’ అర్థమవుతుందా?

దేవరకొండలో ఎండాకాలం సెలవుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ‘మై హీరో అకాడెమియా’ అనే జపాన్ యానిమే (కార్టూన్) సీరీస్‌కు వచ్చిన ‘హీరోస్ రైజింగ్’ సినిమా వేద్దామనుకుంటున్నారు, సగం మందికి సీరీస్ ముఖమే తెలియదు, అర్థమవుతుందా అని కదా అడిగింది. కథ అర్థమవుతుంది. క్లైమాక్స్ మాత్రం చప్పగా పోతుంది. ముందురోజు ఐదు ఎపిసోడ్లు వేస్తే ఆ బాధ ఉండదు.

ఈ కథలో అతీత శక్తులతో జనాన్ని కాపాడే హీరో అంటే ఒక ఉద్యోగం. నాబు అనే దీవిలో ఉన్న ఒక్క హీరో రిటైరైతే, కొత్తవాళ్లు వచ్చేదాకా హీరోల స్కూల్లో చదివే 1-ఎ క్లాసు పిల్లలు 20 మందే ఊరిని చూసుకోవాలి. బయటితో సంబంధాలు తెగాక పెద్దల సాయం రాదు. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయొచ్చిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పే పనే లేదు.

తికమక మొదలయ్యేది పేర్ల దగ్గర. ఆ క్లాసులోని కథానాయకుడు డెకు దగ్గరున్న శక్తి ‘వన్ ఫర్ ఆల్’, విలన్ నైన్‌కు ఎక్కించింది ‘ఆల్ ఫర్ వన్’. సబ్‌టైటిల్‌లో రెండూ ఒక్కతీరే కనిపిస్తాయి. మొదటిది ఒకరి నుంచి ఒకరికి ‘ఇచ్చే శక్తి’, రెండోది ‘గుంజుకునే శక్తి’ అని ముందే చెప్పేయండి, సరిపోతుంది.

ఇక ఎపిసోడ్లు: మొదటి సీజన్‌లో 1, 2, 3, మూడో సీజన్‌లో 11, 23. వరుస నంబర్లు చూస్తే ఆఖరివి రెండూ 49, 61. పాటలు దాటేస్తే అన్నీ కలిపి రెండు గంటలు పట్టదు. మూడో ఎపిసోడ్‌లో ఆల్ మైట్ అనే పెద్ద హీరో తన వెంట్రుక డెకుకు ఇచ్చి మింగమంటాడు చూడండి, అది తప్పించొద్దు. శక్తి డీఎన్‌ఏతో పోతుందని అక్కడ తెలిస్తేనే, క్లైమాక్స్‌లో డెకు, అదే క్లాసు పిల్లాడు బకుగో నెత్తురోడుతున్న చేతులు ఎందుకు కలుపుతారో తెలుస్తుంది. ఇచ్చినవాడికి మిగలదు కూడా. 61 మరీ ముఖ్యం: చిన్నప్పటి నుంచి డెకును సతాయించిన బకుగోకు, డెకు శక్తి ఆల్ మైట్ ఇచ్చిందనే రహస్యం తెలిసేది అందులోనే. అది చూడని పిల్లలకు ఆ చేతులు కలపడం ఇంకో ఫైట్ షాట్, అంతే.

2018లో వచ్చిన మొదటి సినిమా దీనికి అక్కర్లేదు. సీరీస్ వరుసగా చూసేవాళ్లయితే నాలుగో సీజన్ అయ్యాక పెట్టుకోవాలి.

సినిమా 104 నిమిషాలు. మొదటి అరగంట కొంచెం సాగుతుంది, పిల్లలు లేచి తిరుగుతారు, తిరగనివ్వండి. ఆపాల్సిన చోటు మాత్రం ఒకటుంది. నైన్ మొదట, దీవిలో ఉండే కత్సుమా అనే చిన్నపిల్లగాడి నాన్న శక్తి గుంజుకుంటాడు, అది పనిచేయదు. ఆయనది ‘ఎ’ గ్రూపు రక్తానికి సరిపడేది, నైన్‌కు కావాల్సింది ‘బి’. కత్సుమాది ‘బి’కి సరిపడేది, అందుకే వాడి వెంట పడతాడు. ఈ ముక్క చటుక్కున దాటిపోతుంది, దొరక్కపోతే “వీడు దీవికి ఎందుకొచ్చిండు?” అని చివరిదాకా అడుగుతూనే ఉంటారు.

అయిపోయాక ఇంకో ప్రశ్న ఖాయం (కథ తెలియొద్దనుకుంటే ఇక్కడే ఆపండి): బకుగోకు ఇచ్చేసిన శక్తి తర్వాతి సీజన్లలో డెకు దగ్గరే ఎట్లుంది? ఆఖర్న అది అతని దగ్గరే మిగులుతుంది, బకుగోకు జరిగింది గుర్తుండదు. ఇది సినిమాలోనే ఉంది కానీ, అప్పటికి పిల్లలు చెప్పులు వెతుక్కుంటుంటారు. లైట్లు తొందరపడి వేయకండి.