బండి కప్లర్ మాటిమాటికీ కాలిపోతోందా?

ప్రశ్న: మాది కాకినాడ అండి, సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. బైక్ రెక్టిఫైయర్ (బ్యాటరీకి వెళ్లే చార్జింగ్ కరెంటును సరిచేసే పార్టు) దగ్గరుండే కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) కరిగిపోతే మెకానిక్ కొత్తది వేశాడు, ఆర్నెల్లకే మళ్లీ అదే కథ. ఏం చెయ్యాలి?

జవాబు: ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుందండి, దాంతో కాంటాక్ట్ సరిగ్గా ఉండక సరిగ్గా అక్కడే వేడి పుడుతుంది, 10 ఆంపియర్లు పోయే చోట 0.1 ఓమ్ అడ్డొచ్చినా 10 వాట్ల వేడి, అదీ గోరంత జాగాలో, ప్లాస్టిక్ కరగదా మరి. ఒకవైపే మార్చి రెండోవైపు పాత పిన్ను ఉంచేస్తే కొత్తదీ పాడవుతుంది, మీకు అదే జరిగి ఉంటుందని నా అనుమానం. రెండువైపులా మార్పించండి. వైరు లోపల నల్లబడి ఉంటే మెరిసే రాగి కనపడేదాకా కోసి, క్రింపింగ్ ప్లయర్‌తో (పిన్నును వైరుకు నొక్కి బిగించే పనిముట్టు) కొత్త పిన్ను నొక్కించండి, మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. తర్వాత డైఎలెక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయండి, అది కరెంటు పాస్ చెయ్యదు, తడి రాకుండా ఆపుతుంది అంతే, అందుకే పిన్ను ముందు టైటుగా కూర్చోవాలి. ఇంకోటి, ఫ్యూజ్ పోతోందని పెద్దది వెయ్యకండి దయచేసి, వైరింగే అంటుకుంటుంది. పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి.