బాబును బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం, కేసు పెడతారా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబుకు తొమ్మిదేళ్లు. ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి చదువుతుండగా, రాత బాగాలేదని టీచరు స్కేలుతో వేళ్ల మీద కొట్టి, వరండాలో గంటసేపు మోకాళ్ల మీద నిలబెట్టారు. అప్పటి నుంచి పొద్దున బ్యాగు చూస్తే చాలు, వాంతి చేసుకునేవాడు. జనవరిలో మాన్పించేశాం. నేను ఎమ్మెస్సీ, బీఎడ్ చేశాను. ఇంట్లో నేనే చదువు చెబుతున్నాను. ఇప్పుడు వాడు కుదురుగా ఉన్నాడు. మధ్యాహ్నం దాకా వాళ్ల నాన్న మెడికల్ షాపులో కూర్చుని పుస్తకాలు చదువుకుంటూ, మందుల పెట్టెలు సర్దుతుంటాడు. డాక్టర్ అవుతానంటాడు. పిల్లలను బడిలో చేర్పించే 'బడిబాట' కార్యక్రమంలో వచ్చిన సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారు వాడి పేరు బడి బయటి పిల్లల జాబితాలో రాసుకున్నారు. పోలీసు కేసు అవుతుందని మా మామయ్య గారికి టెన్షన్. ఇంకో ముగ్గురు తల్లులు, అందరం కలిసి ఒక ఫ్లాట్ తీసుకుని పిల్లలకు చదువు చెప్పుకుందామంటున్నారు. చట్టం ఏమంటుంది?

జవాబు: ముందు మీ మామయ్య గారికి ధైర్యం చెప్పండమ్మా. పిల్లవాణ్ని బడికి పంపలేదన్న ఒక్క కారణంతో తల్లిదండ్రులను అరెస్టు చేసే సెక్షన్ గానీ, వారికి జరిమానా వేసే సెక్షన్ గానీ 2009 విద్యాహక్కు చట్టంలో లేదు. అలాగని ఇంటి చదువుకు ఆ చట్టం ఒప్పుకుందని కూడా అనుకోవద్దు.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10 చెబుతోంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటో మాత్రం చెప్పలేదు. 'నిర్బంధ విద్య' అనే మాట విని చాలామంది భయపడతారు. కానీ సెక్షన్ 8 చదివితే ఆ నిర్బంధం ప్రభుత్వం మీదే ఉంది. పిల్లలు బడిలో చేరేలా, రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి దాకా పూర్తి చేసేలా చూడాల్సింది ప్రభుత్వమే. సీఆర్పీ గారు మీ ఇంటికి వచ్చింది ఆ పని మీదే. ఆయనతో గొడవ పడకండి. రాజ్యాంగంలోని 51ఎ(కె) అధికరణం కూడా పిల్లలకు 'చదువుకునే అవకాశం' కల్పించడం తల్లిదండ్రుల విధి అంది, బడి అనే మాట అక్కడ లేదు.

2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూ తీర్పు ఇచ్చినప్పుడు, ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ విడిగా తీర్పు రాశారు. సెక్షన్ 10 తల్లిదండ్రులకు మార్గదర్శకం లాంటిదే గానీ తప్పనిసరి కాదని అందులో అన్నారు. అయితే అది మిగతా ఇద్దరితో విభేదించిన తీర్పు, కింది కోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేదు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో కేంద్ర ప్రభుత్వం, ఇంటి చదువుకు ఈ చట్టం అడ్డు కాదని మొదట అఫిడవిట్ వేసి, తర్వాత ఆ మాటను వెనక్కి తీసుకుంది. అందుకే నన్ను అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతాను. ఇది నేరం కాదు, కానీ 'ఇది నా హక్కు' అని అధికారికి చూపించడానికి మీ చేతిలో కాగితం కూడా ఏదీ లేదు.

నాకు కేసు కన్నా ఆ కాగితాల గురించే ఎక్కువ బెంగ.

మీ బాబు డాక్టర్ కావాలనుకుంటున్నాడు కదా. మన దగ్గర సీటుకైనా, ఉద్యోగానికైనా 'స్థానికత' చూస్తారు, దానికి ఆధారం స్టడీ సర్టిఫికెట్లు. తెలంగాణలో మెడికల్ సీట్ల స్థానిక కోటాకు అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఇక్కడే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. మీ బాబుకు ఇప్పటికి పూర్తయినవి మూడు తరగతులే, నాలుగోది మధ్యలో ఆగింది. ఆ ఒక్క ఏడాది కొరత పదిహేనేళ్ల తర్వాత వాడికి అడ్డం రావచ్చు.

దీనికి దారి లేకపోలేదు. అడ్మిషన్లకు సంబంధించిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు, ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలానికి నివాసాన్ని లెక్కలోకి తీసుకుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగులో కూడా, బడి చదువు లేనివాళ్లను ఏడేళ్ల నివాస ధ్రువపత్రం అడుగుతూ వచ్చారు. ఆ పత్రం మీసేవ ద్వారా తహసీల్దారు ఇస్తారు. కానీ ఏడేళ్ల కిందట మీరు ఎక్కడున్నారో ఏ ఆధారంతో రాసిస్తారు? కాబట్టి బాబు ఆధార్‌లో ఇప్పటి చిరునామా ఉండేలా చూడండి. ఇల్లు అద్దెదైతే అగ్రిమెంట్లు, ఏటా కొన్ని కరెంటు బిల్లులు, టీకాల కార్డు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. పాత స్కూలు నుంచి టీసీ, మూడు తరగతుల స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. చిన్న ప్రైవేటు స్కూళ్లు మూతపడ్డాక రికార్డుల కోసం తిరిగి తిరిగి అలసిపోయిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

పరీక్షల సంగతికొస్తే, పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్ఐఓఎస్ ద్వారా గానీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పదో తరగతి రాయొచ్చు. పదిహేను నిండితే ఇంటర్ స్థాయికి వెళ్లొచ్చు. జేఈఈకి ఎన్ఐఓఎస్ చదువు చెల్లుతుంది. నీట్ విషయంలో ఒకప్పుడు ఓపెన్ స్కూల్ పిల్లలను పక్కన పెట్టే నిబంధన ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్లను ఒప్పుకుంటున్నట్టు జాతీయ వైద్య కమిషన్ చెప్పడంతో 2024లో సుప్రీంకోర్టులోనూ ఆ వివాదం ముగిసింది. అయినా స్థానిక కోటా నిబంధన చూశాక నా సలహా ఒకటే: మధ్యలో ఎన్నేళ్లు ఇంట్లో చదివించినా, తొమ్మిదో తరగతికి మాత్రం బడిలో చేర్చండి.

ఇంతకీ మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. మీరు బడి చదువే వద్దనుకుని మాన్పించారా, ఆ ఒక్క బడిలో జరిగినదానికి మాన్పించారా? రెండోదైతే చట్టం పూర్తిగా మీ వైపే ఉంది. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 నిషేధించింది. అలా చేసినవాళ్ల మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. ఎంఈఓకు (మండల విద్యాధికారి), డీఈఓకు (జిల్లా విద్యాధికారి) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 1098కి ఫోన్ చేయొచ్చు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కూ రాయొచ్చు. పిల్లవాణ్ని డాక్టరుకు చూపించి ఉంటే ఆ చీటీ జత చేయండి. ఆ స్కూల్లో ఇంకా ఎంతోమంది పిల్లలు అదే వరండాలో నిలబడుతూ ఉంటారు. దయచేసి ఊరుకోవద్దు.

వాణ్ని మళ్లీ చేర్చాలనుకుంటే బెంగ అక్కర్లేదు. ఏ కారణంతోనైనా బడి మారాల్సి వస్తే సర్కారు బడికి గానీ, ఎయిడెడ్ బడికి గానీ మారే హక్కు సెక్షన్ 5 ఇచ్చింది. పాత స్కూలు వెంటనే టీసీ ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. మధ్యలో చదువు ఆగినా, సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. పదకొండేళ్లకు వస్తే ఆరో తరగతిలోకే వస్తాడన్నమాట. ఈ సెక్షన్లు ఎనిమిదో తరగతి వరకే పనికొస్తాయి.

షాపు సంగతి జాగ్రత్త. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఇంటివాళ్ల పనిలో సాయం చేయడానికి, అదీ బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే, బాల కార్మిక చట్టం మినహాయింపు ఇచ్చింది. బడికి పోని పిల్లవాడు పదకొండు గంటలకు మందుల పెట్టెలు సర్దుతూ కనబడితే, తనిఖీకి వచ్చిన అధికారికి వాడు చదువుకుంటున్నాడని మీరు ఎలా నమ్మిస్తారు? పొద్దున పూట ఇంట్లోనే ఉండనివ్వండి.

ఫ్లాట్ తీసుకుని నలుగురూ కలిసి చెప్పుకునే ఆలోచన మాత్రం మానుకోండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 18 ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, అలాగే నడుపుతూ పోతే రోజుకు పదివేలు. వేరే పిల్లలను పోగుచేసి, టీచరును పెట్టి, ఫీజు పంచుకుంటే అది బడి కాదని వాదించడం కష్టం. మీ బిడ్డకు మీ ఇంట్లో మీరు చెప్పుకుంటే ఈ సెక్షన్ మీ జోలికి రాదు.

సీఆర్పీ గారు మళ్లీ వచ్చేలోపే ఎంఈఓకు ఒక ఉత్తరం రాయండి. బాబును ఎందుకు మాన్పించారో, ఇంట్లో ఎవరు ఏ సబ్జెక్టులు చెబుతున్నారో, మీ చదువు ఏమిటో, ఎప్పుడు తిరిగి చేర్చాలనుకుంటున్నారో అందులో రాయండి. మీ భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టండి. ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ కాపీ కూడా ఫైల్లోనే ఉంచండి.