మిర్యాలగూడలోనే ఆపరేషన్ చేయించాలా? – సమాధానం

అన్నా, అమ్మకు అండాశయంలో గడ్డ, సీఏ-125 (అండాశయ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష) ఎక్కువుంది, ఇక్కడి డాక్టరు రేపే గర్భసంచి తీసేస్తమన్నడని రాసిన్రు. క్యాన్సర్ అనుమానమున్నప్పుడు మామూలు నర్సింగ్ హోంలో కత్తి పెట్టించకండి. గడ్డ లోపలే పగిలితే క్యాన్సర్ స్టేజీ (దశ) పెరుగుతది.

సీటీ ఫిలింలు, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకొని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోండి. "ఇట్లాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తరు సార్?" అని మొహమాటపడకుండా అడగండి. 2013లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనంలో అండాశయ క్యాన్సరున్న 13,321 మందిని చూస్తే, మార్గదర్శకాల ప్రకారం వైద్యం అందింది సుమారు 37 శాతానికే. అందనోళ్లు తక్కువ కాలం బతికిన్రు. ఈ ఆపరేషన్లు ఎక్కువ చేసే సర్జన్ల దగ్గర ఆ వైద్యం ఎక్కువగా అందింది. అమెరికాలోనే అట్లుంటే మన సంగతి చెప్పాల్నా!

తర్వాత కీమో మామూలుగా పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే మందులు, 3 వారాలకోసారి. నీరసమని అమ్మ మధ్యల ఆపేస్తానంటే ముందు డాక్టరుతో మాట్లాడండి, డోసు సర్దుతరు.