సెకండియర్‌లో సెక్షన్ దిగిన అమ్మాయి: హాస్టలా, ఇల్లా, లాంగ్ టర్మా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ సెకండియర్ చదువుతోంది. టెన్త్‌లో స్కూల్ ఫస్ట్, ఫస్టియర్‌లోనూ మంచి మార్కులే. జూన్ నుంచి వీకెండ్ టెస్టుల్లో మార్కులు పడిపోయాయని స్టార్ బ్యాచ్ నుంచి రెండు సెక్షన్లు కిందికి దించారు. స్టడీ అవర్స్‌లో నిద్రపోతోందని వార్డెన్ చెబుతున్నారు. ఫోన్ చేస్తే ఇంటికొచ్చేస్తానని ఏడుస్తుంది, లేదంటే అసలు మాట్లాడదు. హాస్టల్లోనే ఉంచాలా? డే స్కాలర్‌గా మార్చి ఆన్‌లైన్ కోచింగ్ పెట్టించాలా? ఈ ఏడాది ఎలాగో గట్టెక్కించి లాంగ్ టర్మ్‌కి, అంటే ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్‌కి, పంపాలా? మా బాబు ఆరో తరగతి. వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చాలనుకుంటున్నాం. వాడికీ ఈ బద్ధకం రాకుండా ఏం చేయాలి? (ఖమ్మం జిల్లా నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, దసరా దగ్గర పడుతోందంటే నాకు ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. ఊళ్లు మారతాయి, కాలేజీలు మారతాయి, ప్రశ్న మారదు. పరీక్షల సంగతులు మీకు నాకన్నా బాగా తెలిసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మూడు దారుల్లో ఏది మంచిదో చెబుతాను గానీ, ముందు అమ్మాయి సంగతి చూద్దాం.

టెన్త్‌లో ఫస్ట్ వచ్చిన పిల్ల మూడు నెలల్లో బద్ధకస్తురాలైపోదు. బద్ధకంగా ఉన్నవాళ్లు హాయిగా ఉంటారు, మీ అమ్మాయి ఏడుస్తోంది. ఆమె అలసిపోయింది. ఒక ఆదివారం పడుకుంటే తీరిపోయే అలసట కూడా కాదిది. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, బుర్రలోకి ఏదీ దిగదు. నిన్నటిదాకా వచ్చిన లెక్క ఇవాళ రాదు. రాలేదన్న భయంతో రాత్రి ఇంకో గంట కూర్చుంటుంది, తెల్లారి టెస్టులో ఇంకా తక్కువొస్తాయి.

హాస్టల్ టైమ్‌టేబుల్ ఒకసారి కాగితం మీద రాసి చూడండి. పొద్దున ఐదున్నరకు లేపి రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ వదిలితే, స్నానాలకు క్యూ, బట్టలు సర్దుకోవడం, రూమ్‌లో కబుర్లు పోను పిల్లకు నిద్ర ఆరు గంటలు దక్కితే గొప్ప. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని వైద్యులు చెబుతారు. చదివింది బుర్రలో స్థిరపడేదీ నిద్రలోనే. ఇంకో సంగతి. తెల్లవారుజామున చదివితే బాగా ఎక్కుతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. పెద్దవాళ్లకు ఎక్కుతుందేమో. కౌమారంలో శరీర గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది, మెలకువా ఆలస్యంగానే వస్తుంది. ఐదున్నరకు లేచిన పదిహేడేళ్ల పిల్ల తొమ్మిది గంటల క్లాసులో తూగితే తప్పు ఆమెది కాదు.

దసరా సెలవులకు రాగానే రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూడమని డాక్టర్‌ను అడగండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. హాస్టల్లో టిఫిన్ మానేసి పరిగెత్తే పిల్లకు ఐరన్ తక్కువై ఉంటే మీరు ఏ కోచింగ్ పెట్టించినా పుస్తకం ముందు తూగుతూనే ఉంటుంది.

సెక్షన్ సంగతికొస్తే, దించినప్పుడు క్లాస్‌రూమ్‌తో పాటు ఫ్రెండ్స్ మారతారు, లెక్చరర్లు మారతారు, బోర్డు మీద పేరు ఎక్కడుంటుందో మారుతుంది. చాలాచోట్ల రూమ్ కూడా మారుతుంది. పదిహేడేళ్ల పిల్లకు ఒకేసారి ఇన్ని. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం సాధ్యమైనంత వరకు మానుకోవాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని కూడా చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు ప్రిపేరవుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. ఈసారి కాలేజీకి వెళ్లినప్పుడు ఫీజు కౌంటర్ దగ్గరే ఆగిపోకుండా, మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారని ప్రిన్సిపాల్‌ను అడగండి.

ఇక మీ బాబు ఫౌండేషన్. ఈ ఫ్యాషన్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే, ఏటికేడూ పెరుగుతోంది. పదకొండేళ్ల పిల్లవాడికి ఇంటర్ ఫిజిక్స్‌ను ముక్కలు చేసి తినిపిస్తే ఐఐటీ దగ్గరవుతుందని చెప్పి అమ్ముతున్నారు. ఆరో తరగతిలో మొదలుపెట్టినవాడు సెకండియర్‌కు వచ్చేసరికి ఒకే పరీక్ష కోసం ఏడేళ్లుగా చదువుతుంటాడు. పరుగు మొదలుకాకముందే వార్మప్‌లో సగం ఓపిక అయిపోయినట్టు ఉంటుంది వాళ్ల పరిస్థితి. ఫార్ములా ముందే తెలుసు కాబట్టి ఫస్టియర్ పాఠంలో కొత్తదనం ఉండదు. ఎందుకలా అవుతుందో ఎప్పుడూ అడగలేదు కాబట్టి ప్రశ్న కాస్త తిప్పి అడిగితే రాదు. నిజంగా గణితం మీద ఇష్టమున్న కొందరు పిల్లలకు అది పనికొస్తుంది, కాదనను. వాళ్లు పైసా ఫీజు కట్టకపోయినా పజిల్స్ వెతుక్కుని మరీ చేసే రకం. మిగతావాళ్లకు అది ఆటల పీరియడ్ తీసేయడానికి ఒక గౌరవప్రదమైన పేరు.

పదహారేళ్లు నిండని పిల్లలను చేర్చుకోవద్దని, రోజుకు ఐదు గంటలు మించి చెప్పొద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు సూచించింది. మన దగ్గర కోచింగ్ వేరే బోర్డు పెట్టుకుని ఉండదు, స్కూల్లోనూ కాలేజీలోనూ కలిసిపోయింది. ఆ లెక్కలు మన పిల్లల దాకా రాలేదు. అప్పుడు ఆ గంటలు లెక్కపెట్టాల్సింది తల్లిదండ్రులే కదా? మీరు అక్క అలసటను చూసి తమ్ముడికి ఇంకా ముందే మొదలుపెడదామంటున్నారు. కోప్పడుతున్నాననుకోకండి. కాదు, కోప్పడుతున్నాను, అనుకోండి. ఆదివారం ఫోన్‌లో మీ మొదటి ప్రశ్న ఏమిటి? 'ఎన్నొచ్చాయి' అనే అయ్యుంటుంది. ఆమె మౌనానికి సగం కారణం అక్కడే ఉంది. ఒక నెల రోజులు ఆ ప్రశ్న మానేయండి. మార్కులు ఎలాగూ మీ ఫోన్‌కి మెసేజ్‌లో వస్తాయి.

మూడు దారుల సంగతి. లాంగ్ టర్మ్ మాట ఇప్పుడు ఎత్తొద్దు. అలసిన పిల్లకు సెప్టెంబర్‌లో 'ఇంకో ఏడాది' అని వినిపిస్తే శిక్ష పొడిగించినట్టే ఉంటుంది. ఆ నిర్ణయం మేలో, ఫలితాలు చేతికొచ్చాక, అదీ ఆమె అడిగితేనే. డే స్కాలర్ మంచిదే, కానీ ఖమ్మం నుంచి రోజూ తిరగలేదు కాబట్టి కాలేజీ మార్చాలి, లేదా మీలో ఒకరు హైదరాబాద్‌లో ఇల్లు తీసుకోవాలి. ఇంట్లో ఆన్‌లైన్ అంటే క్రమశిక్షణ పోలీసింగ్ మీ మీద పడుతుంది, ఇప్పుడున్న మూడ్‌లో మీ ఇద్దరికీ అది పడదు. హాస్టల్లోనే ఉంచితే మాత్రం షరతులు పెట్టి ఉంచండి: రాత్రి స్టడీ అవర్ నుంచి మినహాయింపు, పదింటికి లైట్లు ఆర్పాలి, పదిహేను రోజులకోసారి ఇంటికి. రాతపూర్వకంగా అడిగితే చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. ఒప్పుకోని కాలేజీ అయితే మీకు జవాబు దొరికినట్టే.

ఐఐటీ పోతుందేమోనని మీ భయం. 2025లో మొత్తం ఐఐటీ సీట్లు 18 వేలకు కాస్త పైన. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు పది లక్షలకు పైనే. రానివాళ్లే ఎక్కువ, వాళ్లంతా ఎక్కడో ఒకచోట చదువుకుని బతుకుతున్నారు. తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా తీసేశారు, ఈ మూడు నెలల టెస్టులు ఆ ర్యాంకులో ఎక్కడా కనపడవు. ఫస్టియర్ మార్కులున్న పిల్ల కాస్త నిద్రపోతే సెకండియర్ గట్టెక్కేస్తుంది. ఆ విషయంలో నాకు దిగులు లేదు.

దిగులుపడాల్సింది వేరే ఉంది. 'నేను లేకపోతే మీకు హాయి', 'బతకాలని లేదు' లాంటి మాట ఒక్కటి విన్నా, ఇష్టమైన వస్తువులు పంచేస్తోందని తెలిసినా, ఆ రాత్రే బయల్దేరి వెళ్లండి. వెంట తెచ్చుకుని మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. చదువు ఆగుతుందని చూడొద్దు.

దసరాకు వచ్చాక మొదటి మూడు రోజులు పుస్తకాల బ్యాగ్ తెరవనివ్వొద్దు, బంధువుల్లో ర్యాంకులు అడిగే మేనత్తలూ బాబాయిలూ ఉంటే వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. నాలుగో రోజు వాళ్ల నాన్నగారిని కూడా కూర్చోబెట్టి హాస్టలా, ఇల్లా అని ఆమెనే అడగండి. ఏది చెబితే అది జనవరి జేఈఈ దాకా నడవనివ్వండి, మధ్యలో మార్చొద్దు. బాబు ఫౌండేషన్‌కి అడ్వాన్స్ కట్టేసి ఉంటే, అదే వారంలో వెళ్లి వెనక్కి అడగండి.